అట్ట తిరిగే క్షణం: మెయిన్ థ్రెడ్ మీద స్క్రిప్ట్ కాల్‌బ్యాక్‌లను నడిపే పద్ధతి

ఒక పెద్ద ప్రోగ్రామ్ లోపల మరొక చిన్న భాషను పొదిగి, ఆ భాషలో రాసిన తునకలను అవసరమైనప్పుడు నడిపించుకునే పద్ధతిని ఎంబెడెడ్ స్క్రిప్టింగ్ అంటారు. పెద్ద ప్రోగ్రామ్‌ను హోస్ట్ అనీ, అందులో ఒదిగి ఉండే భాషలో రాసినదాన్ని స్క్రిప్ట్ అనీ, ఫలానా సంఘటన జరిగినప్పుడు నడపమని స్క్రిప్ట్ ముందుగానే హోస్ట్ చేతికి అప్పగించి ఉంచిన ఫంక్షన్‌ను కాల్‌బ్యాక్ అనీ వ్యవహరిస్తారు. త్రిమితీయ బొమ్మలు తీర్చే బ్లెండర్ తన లోపల పైథాన్‌ను, డేటాను జ్ఞాపకంలో ఉంచి వేగంగా అందించే రెడిస్ తన లోపల లువాను పొదువుకున్నాయి. పైథాన్ 1991లో వెలువడింది. లువా 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంలో, ఇతర ప్రోగ్రాముల్లో ఇమిడిపోవడమే ప్రధాన లక్ష్యంగా పుట్టింది. హోస్ట్‌ను మళ్లీ కంపైల్ చేయకుండానే దాని ప్రవర్తనను మార్చుకునే వీలు ఇందువల్ల కలుగుతుంది కాబట్టి, కర్మాగారాల పర్యవేక్షణ తెరల నుంచి ఆటల దాకా ఈ పద్ధతి అన్నిచోట్లా పాకిపోయింది.

ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ దానికి ఇచ్చే తొలి పనిదారిని మెయిన్ థ్రెడ్ అంటారు. ఆ తరువాత ప్రోగ్రామ్ తనకు తానుగా తెరుచుకునే దారులన్నీ పని థ్రెడ్‌లు. తెర మీది బొత్తాలు, పట్టికలు, బొమ్మలు దాదాపు అన్ని వ్యవస్థల్లోనూ మెయిన్ థ్రెడ్ సొత్తు. ఆండ్రాయిడ్‌లో వేరే థ్రెడ్ నుంచి తెర మీది వస్తువును మార్చబోతే వ్యవస్థ సాధారణంగా ఎక్సెప్షన్ విసిరి ఆపేస్తుంది, తెర మీద వేలు పెట్టిన తరువాత 5 సెకన్లలోగా మెయిన్ థ్రెడ్ స్పందించకపోతే యాప్ పలకడం లేదని వాడుకరికి చెబుతుంది. చాలా డెస్క్‌టాప్ వ్యవస్థలు ఇంత మర్యాదగా చెప్పవు. తప్పు చేసిన చోట ఊరుకుని, మరెక్కడో, మరెప్పుడో కూలిపోతాయి.

ఈ రెండు విషయాలూ కలిసే చోట ఒక చిక్కు ఉంది. కాల్‌బ్యాక్‌ను నడపవలసిన సంఘటన చాలాసార్లు పని థ్రెడ్‌లో జరుగుతుంది: ఫైలు చదవడం పూర్తవుతుంది, నెట్‌వర్క్ నుంచి జవాబు వస్తుంది, యంత్రం నుంచి కొత్త కొలత అందుతుంది. కాల్‌బ్యాక్ తాకే వస్తువులేమో మెయిన్ థ్రెడ్‌లో ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవారు ఈ చిక్కును తాళాలతో, అంటే ఒక సమయంలో ఒకే థ్రెడ్ లోపలికి రాగలిగేలా అడ్డుపెట్టే లాక్‌లతో విప్పబోతారు. తాళాలు పెరిగేకొద్దీ ప్రోగ్రామ్ భద్రమవుతున్నట్టు కనిపించినా, నిజానికి ఎవరు ఎవరికోసం ఆగుతున్నారో చెప్పలేని స్థితికి చేరుతుంది. ఈ అధ్యాయం ప్రతిపాదించే మార్గం వేరు: కాల్‌బ్యాక్ ఏం చేయాలన్నది స్క్రిప్ట్ నిర్ణయించాలి, అది ఏ క్షణంలో నడవాలన్నది మాత్రం హోస్ట్ ఒక్కటే నిర్ణయించాలి. మిగిలిన నియమాలన్నీ ఈ విభజన నుంచే పుడతాయి.

మగ్గం నేర్పే విభజన

ఈ విభజనను కంప్యూటర్లకంటే ముందే అమలు చేసిన యంత్రం ధర్మవరంలో నేటికీ కంటికి కనిపిస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన ధర్మవరం పట్టు చీర అంచును, కొంగును నేసే మగ్గం నెత్తిన జకార్డు పెట్టె ఉంటుంది. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో రూపుదిద్దిన ఏర్పాటుకు ఇది వారసురాలు. ఆ పెట్టెలో నిలువుగా కొక్కేలు, వాటికి అడ్డంగా సూదులు ఉంటాయి, వరుసగా కుట్టిన అట్టల్లో ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకకు సంబంధించిన ఆదేశాన్ని మోస్తుంది. అట్ట వచ్చి సూదుల మీద ఒత్తుకున్నప్పుడు, రంధ్రం ఉన్న చోట సూది అందులోకి దూరడం వల్ల దాని కొక్కెం నిటారుగా నిలిచి, పైకి లేచే కత్తుల చట్రానికి తగులుకుంటుంది. రంధ్రం లేని చోట అట్ట సూదిని వెనక్కి తోయడం వల్ల కొక్కెం పక్కకు ఒరిగి కిందే ఉండిపోతుంది. ఏయే పడుగు పోగులు లేవాలో ఈ విధంగా అట్ట చెబుతుంది.

ఎప్పుడు లేవాలో మాత్రం అట్ట చెప్పదు. ఆ అధికారం నేతగాడి కాలిది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. కత్తుల చట్రం కిందికి దిగి కొక్కేలన్నీ విడుదలైన తరువాతే కొత్త అట్ట సూదులను తాకుతుంది, చట్రం పైన ఉండి విడిన పడుగు మధ్య నుంచి నాడె పరుగెత్తుతున్నంతసేపూ అట్టలను తిప్పే దిమ్మె దూరంగా జరిగే ఉంటుంది. నాడె లోపల ఉండగా పడుగు మారిపోవడమనే ప్రమాదాన్ని ఈ యంత్రం హెచ్చరికతోనో, తాళంతోనో నివారించడం లేదు, ఆ రెండూ ఒకే క్షణంలో జరిగే వీలే లేని నిర్మాణంతో నివారిస్తోంది. స్క్రిప్ట్‌ను పొదిగిన ప్రోగ్రామ్‌లో వెతకవలసింది కూడా ఇలాంటి నిర్మాణమే: హోస్ట్ చేతిలోని వస్తువులన్నీ నిలకడగా, సగం మారిన స్థితిలో ఏదీ లేకుండా ఉన్న క్షణం ఒకటి ఎంచుకుని, స్క్రిప్ట్ ఆ క్షణంలో తప్ప మరెప్పుడూ నడవలేని విధంగా ప్రోగ్రామ్‌ను కట్టడం.

వరుస, దాన్ని ఖాళీ చేసే చోటు

ఉదాహరణకు చీరల డిజైన్ సిద్ధం చేసే ఒక సాఫ్ట్‌వేర్‌ను ఊహించవచ్చు. హిందూపురం సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లోని ఒక అంచు నమూనాను ఫొటోగా ఇస్తే, ఒక పని థ్రెడ్ దాని రంగులను కుదించి, గళ్ల గ్రాఫ్‌గా మార్చి, పని ముగియగానే డిజైనర్ లువాలో రాసుకున్న కాల్‌బ్యాక్‌ను పిలవాలి. ఆ కాల్‌బ్యాక్ ఆ నమూనాను అంచు పొడవునా పరిచి తెర మీద చూపాలి. అనుభవం లేని ప్రోగ్రామర్ పని థ్రెడ్‌లోంచే కాల్‌బ్యాక్‌ను పిలుస్తాడు. అదే క్షణంలో మెయిన్ థ్రెడ్ డిజైనర్ నొక్కిన మరో బొత్తానికి సంబంధించిన స్క్రిప్ట్‌ను అదే లువా స్థితిలో, అంటే లువా తన విలువలన్నీ ఉంచుకునే చోట, నడుపుతూ ఉంటే, రెండు థ్రెడ్‌లూ ఒకే స్టాక్ మీద విలువలు పెడుతూ తీస్తూ దాన్ని ఛిద్రం చేస్తాయి. లువా వేగం కోసం తనంతట తాను రెండు థ్రెడ్‌లు ఒకేసారి రాకుండా ఆపే కాపలా ఏదీ పెట్టుకోదు. పరీక్షల్లో వందసార్లు బయటపడకుండా దాక్కుని, వాడుకరి దగ్గర బయటపడడం ఈ తప్పు స్వభావం.

సరైన పద్ధతిలో పని థ్రెడ్ కాల్‌బ్యాక్‌ను పిలవదు, పిలవమని అభ్యర్థన రాసి ఒక వరుసలో పెడుతుంది. ఈ వరుసనే క్యూ అంటారు. మెయిన్ థ్రెడ్ తన చక్రంలో, అంటే వాడుకరి నొక్కుళ్లను స్వీకరించి తెరను తిరిగి గీసే నిరంతర ఆవృత్తిలో, ఒక నిర్ణీత స్థానానికి వచ్చినప్పుడు ఆ వరుసను ఖాళీ చేస్తూ ఒక్కొక్క కాల్‌బ్యాక్‌నూ నడుపుతుంది. నిద్రలో ఉన్న మెయిన్ థ్రెడ్‌ను లేపడానికి ప్రతి వేదికలోనూ సిద్ధమైన సాధనం ఉంది: విండోస్‌లో పోస్ట్‌మెసేజ్, క్యూటీలో వరుసగా అందే సిగ్నళ్లు, జీటీకేలో ఖాళీ సమయంలో నడిచే ఐడిల్ ఫంక్షన్, ఆండ్రాయిడ్‌లో హ్యాండ్లర్. బ్లెండర్ తన పైథాన్ వాడుకరులకు ఇదే సలహా ఇస్తూ, పని థ్రెడ్ వరుసలో పెట్టినవాటిని టైమర్ ద్వారా మెయిన్ థ్రెడ్‌లో నడిపే నమూనాను తన పత్రాల్లోనే చూపింది.

వరుసను రాయడం పది పంక్తుల పని, సరిగా రాయడం మాత్రం అంత తేలిక కాదు. అభ్యర్థనలో ఏం పెట్టాలన్నది మొదటి ప్రశ్న. సంఖ్యలు, పదాలు వంటి విలువలను నకలు తీసి పెట్టాలి. పని థ్రెడ్ ఇంకా మార్చగల వస్తువు చిరునామాను పెడితే, మెయిన్ థ్రెడ్ దాన్ని చదివేసరికి అది మారిపోయి ఉండవచ్చు, లేదా అసలు లేకుండానే పోవచ్చు. గ్రాఫ్ వంటి పెద్ద వస్తువును నకలు తీయడం భారమైతే దాని యాజమాన్యాన్నే అప్పగించాలి, అప్పగించిన తరువాత పని థ్రెడ్ ఇక దాని వైపు చూడకూడదు. స్క్రిప్ట్ భాషకు చెందిన వస్తువులను మాత్రం పని థ్రెడ్‌లో తయారుచేయనే కూడదు, అవి మెయిన్ థ్రెడ్‌లో, కాల్‌బ్యాక్ నడవబోయే ముందు తయారుకావాలి.

వరుసకు ఒక తాళం అవసరమే. ఈ మొత్తం ఏర్పాటులో ఉండదగిన తాళం బహుశా ఇది ఒక్కటే. అయితే ఆ తాళం పట్టుకుని కాల్‌బ్యాక్‌ను పిలవడం ఘోరమైన పొరపాటు, ఎందుకంటే ఆ కాల్‌బ్యాక్ లోపల మళ్లీ వరుసలో ఏదైనా పెట్టబోతే ప్రోగ్రామ్ తన తాళం కోసం తానే ఎదురుచూస్తూ నిలిచిపోతుంది. తాళం వేసి, ఉన్న వరుసను మొత్తంగా ఒక స్థానిక జాబితాలోకి మార్చుకుని, తాళం తీసి, ఆ తరువాతే ఒక్కొక్కటీ నడపాలి. ఈ చిన్న మార్పు వల్ల మరొక లాభం కూడా ఉంది: నడుస్తున్న కాల్‌బ్యాక్ కొత్తగా చేర్చిన అభ్యర్థనలు తరువాతి చక్రానికి వాయిదా పడతాయి కాబట్టి, తనను తాను తిరిగి తిరిగి వరుసలో పెట్టుకునే స్క్రిప్ట్ కూడా తెరను స్తంభింపజేయలేదు.

వరుస అతిగా పెరగడం గురించి పుస్తకాలు తక్కువగా చెబుతాయి. హిందూపురం దగ్గరి తూముకుంట వంటి పారిశ్రామికవాడలో ఒక యంత్రం సెకనుకు వందసార్లు ఉష్ణోగ్రతను పంపుతుంటే, ప్రతి కొలతకూ ఒక కాల్‌బ్యాక్‌ను వరుసలో పెట్టడం వ్యర్థం. పాత కొలత ఇంకా వరుసలోనే ఉంటే దాని స్థానంలో కొత్తది రాయడం చాలు, ఎందుకంటే తెర చూసేవారికి కావలసింది తాజా విలువే. అదే యంత్రం ప్రమాద హెచ్చరికను పంపితే మాత్రం ఒక్కటి కూడా జారిపోకూడదు. ఏ సంఘటనను కలిపేయవచ్చో, దేన్ని కలపకూడదో స్క్రిప్ట్ నమోదు చేసుకునే సమయంలోనే అడిగి తెలుసుకునే హోస్ట్ మంచి హోస్ట్.

జవాబు కోసం ఆగే పిలుపులు

ఇంతవరకు చెప్పినది జవాబు అక్కరలేని కాల్‌బ్యాక్‌లకు సరిపోతుంది. కొన్నిసార్లు పని థ్రెడ్ "ఈ ఫైలును తిరిగి రాయవచ్చునా" అని స్క్రిప్ట్‌ను అడిగి, అవునో కాదో వచ్చేదాకా ఆగవలసి వస్తుంది. డెడ్‌లాక్, అంటే ఇద్దరు ఒకరి కోసం ఒకరు కదలకుండా నిలిచిపోయే స్థితి, ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

పైథాన్‌ను పొదిగిన ప్రోగ్రాముల్లో ఇది మరీ తరచు. పైథాన్‌కు జిల్ అనే ఒక సార్వత్రిక తాళం ఉంది. దాన్ని పట్టుకున్న థ్రెడ్ మాత్రమే ఆ క్షణంలో పైథాన్‌ను నడపగలదు. పని థ్రెడ్ ఆ తాళాన్ని పట్టుకునే ఉండి మెయిన్ థ్రెడ్ జవాబు కోసం ఆగిందనుకుంటే, జవాబు సిద్ధం చేయడానికి మెయిన్ థ్రెడ్‌కు అదే తాళం కావాలి. పని థ్రెడ్ జవాబు రానిదే తాళం వదలదు, మెయిన్ థ్రెడ్ తాళం రానిదే జవాబు ఇవ్వదు. ఆగబోయే ముందు జిల్‌ను విడిచి, జవాబు అందిన తరువాత తిరిగి తీసుకోవడమే దీనికి మందు, ఇందుకోసం పైథాన్ సీ భాష ఇంటర్‌ఫేస్‌లో ప్రత్యేకమైన మాక్రోలు ఉన్నాయి. మెయిన్ థ్రెడ్‌లో ఒక సీ ఫంక్షన్‌ను నడపమని పైథాన్‌కే అప్పగించే పెండింగ్ కాల్ అనే సౌకర్యం కూడా ఉంది, కానీ దాని వరుసకు పరిమితి ఉండటం, నిండినప్పుడు అది -1ను తిరిగి ఇవ్వడం, నడిచే సమయానికి హామీ లేకపోవడం వల్ల దాన్ని అత్యవసర ద్వారంగా తప్ప రాజమార్గంగా వాడకూడదు.

2024 అక్టోబరులో వెలువడిన పైథాన్ 3.13 జిల్ లేని రూపాన్ని ప్రయోగాత్మకంగా అందించింది. దీనితో చిక్కు తీరిపోయిందని భావించడం పొరపాటు: పైథాన్ తాళం పోయినంత మాత్రాన తెర మీది వస్తువులు మెయిన్ థ్రెడ్ సొత్తు కాకుండా పోవు, పైగా ఇంతకాలం ఆ తాళం చాటున దాగిన తప్పులు బయటపడే అవకాశం పెరుగుతుంది.

మెయిన్ థ్రెడ్ తనకే అభ్యర్థన పంపి తానే ఆగడం మరొక ఉచ్చు. క్యూటీలో ఆగే తరహా వరుస అనుసంధానాన్ని, స్వీకర్త అదే థ్రెడ్‌లో ఉండగా వాడితే డెడ్‌లాక్ తప్పదని క్యూటీ పత్రాలే చెబుతాయి. అందువల్ల జవాబు కోసం ఆగే ఏ ఫంక్షన్ అయినా ముందు తాను ఏ థ్రెడ్‌లో ఉందో చూసుకుని, మెయిన్ థ్రెడ్‌లోనే ఉంటే నేరుగా పిలవాలి. జవాబు అక్కరలేని అభ్యర్థనను మాత్రం మెయిన్ థ్రెడ్ నుంచి వచ్చినా వరుసలోనే పెట్టడం మేలు, లేకపోతే ఒకే కాల్‌బ్యాక్ ఒకసారి వెంటనే, ఒకసారి ఆలస్యంగా నడుస్తూ స్క్రిప్ట్ రాసేవారిని అయోమయంలో పడేస్తుంది.

వరుస ఉన్నా దొంగదారిన ప్రవేశించే ప్రమాదం ఒకటి మిగిలే ఉంటుంది. కాల్‌బ్యాక్ నడుస్తూ నడుస్తూ హోస్ట్‌ను ఒక సందేశపు కిటికీ తెరవమని అడిగితే, ఆ కిటికీ మూసేదాకా లోపల మరొక చిన్న చక్రం తిరుగుతుంది. ఆ చక్రం కూడా వరుసను ఖాళీ చేయడం మొదలుపెడితే, మొదటి కాల్‌బ్యాక్ సగంలో ఉండగానే రెండవది దాని మధ్యలో నడిచిపోతుంది. దీన్ని పునఃప్రవేశం అంటారు. థ్రెడ్ ఒక్కటే కాబట్టి ఏ తాళమూ దీన్ని ఆపదు. వరుసను ఖాళీ చేసే ఫంక్షన్ మొదట్లో ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తు ఉండగా మళ్లీ పిలుపు వస్తే ఏమీ చేయకుండా వెనుదిరగడం చాలు. మెయిన్ థ్రెడ్ మీద నడుస్తున్నంత మాత్రాన అంతా క్షేమమని నమ్మడం ఎంత ప్రమాదమో ఈ సందర్భం చూపుతుంది; కావలసింది సరైన థ్రెడ్ మాత్రమే కాదు, సరైన క్షణం కూడా.

తప్పులూ గడువులూ

స్క్రిప్ట్‌లో తప్పు జరగడం ఖాయమని భావించి హోస్ట్‌ను రాయాలి. లువా సాధారణంగా సీ భాషలోని లాంగ్‌జంప్ అనే ఉపాయంతో తప్పును వెలుపలికి విసురుతుంది. అది మధ్యలో ఉన్న సీ++ వస్తువుల ముగింపు పనులను జరగనివ్వకుండా దూకేస్తుంది, దానితో తెరిచిన ఫైళ్లు, వేసిన తాళాలు అలాగే ఉండిపోతాయి. అందుచేత ప్రతి కాల్‌బ్యాక్‌ను పీకాల్ అనే రక్షిత పిలుపు ద్వారానే నడపాలి, తప్పు జరిగితే దాని ఆనవాళ్లను నమోదు చేసి తరువాతి అభ్యర్థనకు వెళ్లాలి. పైథాన్‌లో మరొక గమ్మత్తు ఉంది: తప్పును ముద్రించే సాధారణ ఫంక్షన్‌కు, స్క్రిప్ట్‌లో ఎవరో రాసిన నిష్క్రమణ ఆదేశం ఎదురైతే అది ముద్రించి ఊరుకోదు, మొత్తం ప్రోగ్రామ్‌నే ముగించేస్తుంది. కాల్‌బ్యాక్‌లో ఒక చిన్న ఎగ్జిట్ పదం కనిపించడం వల్ల, సేవ్ చేయని డిజైన్‌తో సహా కిటికీ మాయమవడం వాడుకరికి అర్థంకాని విపత్తు.

గడువు విషయం మరింత క్లిష్టమైనది. తెర సెకనుకు 60 సార్లు గీయాలంటే ఒక్కొక్క చక్రానికి దక్కేది సుమారు 16 మిల్లీసెకన్లు; అందులో స్క్రిప్ట్‌కు నాలుగైదు కేటాయిస్తే ఎక్కువ. ఒక్కొక్క కాల్‌బ్యాక్ ముగిసిన తరువాత గడియారం చూసి, కేటాయింపు దాటితే మిగిలినవాటిని తరువాతి చక్రానికి వదలడం సులభమే. ఒకే కాల్‌బ్యాక్ అంతూ పొంతూ లేని లూప్‌లో పడితే ఏం చేయాలి? లువాలో నిర్ణీత సంఖ్యలో ఆదేశాలు నడిచిన ప్రతిసారీ హోస్ట్‌ను పలకరించే హుక్ అనే ఏర్పాటు ఉంది, అక్కడ తప్పును విసిరి స్క్రిప్ట్‌ను ఆపవచ్చు. ఈ ఏర్పాటుకు రెండు కన్నాలు ఉన్నాయి. స్క్రిప్ట్ పిలిచిన సీ ఫంక్షన్ లోపలే కాలమంతా గడిచిపోతుంటే హుక్ అసలు నడవదు. స్క్రిప్ట్ తన లూప్ లోపల తానే పీకాల్ వాడుకుంటే, హోస్ట్ విసిరిన తప్పును అది మింగేసి లూప్‌ను కొనసాగిస్తుంది. మొదటిదానికి భారమైన సీ ఫంక్షన్లను స్క్రిప్ట్‌కు అందనీయకపోవడం, రెండవదానికి గడువు దాటాక హుక్‌ను ప్రతి ఆదేశానికీ నడిచేలా బిగించడం ఆచరణలో ఉన్న విరుగుళ్లు.

ఆపడం తేలికైనా, ఆపిన తరువాత మిగిలేది ఏమిటన్న ప్రశ్నకు రెడిస్ ఇచ్చిన జవాబు ఈ రంగంలో అత్యంత నిజాయితీ గలది. 2012లో వచ్చిన రెడిస్ 2.6 నుంచి లువా స్క్రిప్ట్‌లు దాని ప్రధాన థ్రెడ్ మీదనే నడుస్తాయి, ఒకటి నడుస్తున్నంతసేపూ మరెవరి ఆదేశమూ నడవదు. స్క్రిప్ట్ అప్రమేయంగా ఉన్న 5 సెకన్ల గడువు దాటినా రెడిస్ దాన్ని తనంతట తాను చంపదు. ఇతరులకు "తీరిక లేదు" అని జవాబు ఇవ్వడం మొదలుపెట్టి, స్క్రిప్ట్‌ను చంపే ఆదేశాన్ని మాత్రం స్వీకరిస్తుంది. అయితే ఆ స్క్రిప్ట్ అప్పటికే డేటాలో ఏదైనా రాసి ఉంటే ఆ ఆదేశాన్ని కూడా తిరస్కరిస్తుంది, ఎందుకంటే సగం రాసిన డేటాను మిగల్చడం ఆలస్యంకంటే పెద్ద తప్పు. అప్పుడిక మిగిలే మార్గం, డిస్కుకు భద్రపరచకుండా సర్వర్‌నే ఆపడం.

ఈ ఇరకాటంలో పడకుండా ఉండటానికి డిజైన్ దశలోనే ఒక మార్గం ఉంది. కాల్‌బ్యాక్‌కు హోస్ట్ వస్తువులను నేరుగా మార్చే హక్కు ఇవ్వకుండా, చదివే హక్కు మాత్రమే ఇచ్చి, చేయదలచిన మార్పులను ఒక పట్టీలో రాయమనాలి. కాల్‌బ్యాక్ సవ్యంగా ముగిస్తే హోస్ట్ ఆ పట్టీని ఒక్కసారిగా అమలు చేస్తుంది. గడువు దాటినా, తప్పు జరిగినా పట్టీని పారేస్తుంది, డిజైన్ చెక్కుచెదరదు. అన్‌డూ సౌకర్యం కూడా దాదాపు ఉచితంగా దక్కుతుంది. అదనంగా కొంత జ్ఞాపకం ఖర్చవుతుంది, కొంత శ్రమ ఉంటుంది. అయినా స్క్రిప్ట్ రాసేవారు హోస్ట్ రాసినవారు కాని ప్రతి సందర్భంలోనూ ఆ ఖర్చు సమంజసమే.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2017లో ఒప్పందం కుదిరి 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారం వంటి ఆధునిక పరిశ్రమల్లో యంత్రాలను నడిపే పీఎల్‌సీ అనే నియంత్రకాల గురించి తెలిసినవారికి ఈ పట్టీ కొత్తగా అనిపించదు. పీఎల్‌సీ సాధారణంగా ఒకే చక్రంలో తిరుగుతుంది: ముందు సెన్సార్ల విలువలన్నింటినీ ఒక్కసారి చదివి నకలు ఉంచుకుంటుంది, ఆ నకలు మీద తన తర్కాన్ని నడుపుతుంది, ఫలితాలను చివర్లో ఒక్కసారిగా బయటి మోటార్లకు, వాల్వులకు పంపుతుంది. తర్కం నడుస్తున్న మధ్యలో సెన్సార్ మారినా ఆ చక్రానికి అది కనిపించదు. చక్రం నిర్ణీత గడువు దాటితే వాచ్‌డాగ్ అనే కాపలా గడియారం నియంత్రకాన్ని లోప స్థితిలోకి నెడుతుంది, అవుట్‌పుట్‌లు ముందుగా నిర్ణయించిన సురక్షిత స్థితికి వెళ్లేలా ఇంజినీర్లు ఏర్పాటు చేసి ఉంచుతారు. ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో పీఎల్‌సీ నేర్చుకుని తరువాత సాఫ్ట్‌వేర్ వైపు వచ్చిన యువకులు ఈ అధ్యాయంలోని విషయాన్ని కంప్యూటర్ సైన్సు పట్టభద్రులకంటే త్వరగా గ్రహించడంలో ఆశ్చర్యం లేదు.

పుట్టుక, ముగింపు

స్క్రిప్ట్ ఒక ఫంక్షన్‌ను హోస్ట్‌కు అప్పగించిన తరువాత, ఆ ఫంక్షన్ బతికి ఉండే బాధ్యత హోస్ట్‌ది. లువాలో రిజిస్ట్రీ అనే పట్టికలో ఫంక్షన్‌ను దాచి, దానికి గుర్తుగా ఒక సంఖ్యను పొందవచ్చు. పని థ్రెడ్‌ల చేతికి ఇవ్వదగినది ఆ సంఖ్య మాత్రమే. కానీ స్క్రిప్ట్ రద్దు చేసుకున్న సంఖ్యను లువా మరొక ఫంక్షన్‌కు తిరిగి కేటాయించగలదు కాబట్టి, వరుసలో ఆలస్యమైన పాత అభ్యర్థన ఒకటి కొత్త ఫంక్షన్‌ను పిలిచే ప్రమాదం ఉంటుంది. ప్రతి నమోదుకూ ఒక తరం సంఖ్యను జోడించి, నడపబోయే ముందు అభ్యర్థనలోని తరం, ప్రస్తుత నమోదులోని తరం సరిపోలితేనే నడపడం దీనికి చవకైన రక్ష. పైథాన్‌లో ప్రతి వస్తువుకూ దాన్ని ఎందరు పట్టుకున్నారో చెప్పే లెక్క ఉంటుంది, జిల్ ఉన్న రూపంలో ఆ లెక్కను జిల్ లేకుండా మార్చకూడదు. కాల్‌బ్యాక్ నకలును పని థ్రెడ్‌లో ఉంచుకుంటే, ఆ నకలు తెలియకుండా నశించే చోట ఈ నియమం భంగమై ప్రోగ్రామ్ కూలుతుంది. కూలే పంక్తిలో చూడటానికి ఏ తప్పూ కనిపించదు, అందుకే దీన్ని వెతకడానికి రోజులు పడతాయి.

ప్రోగ్రామ్‌ను మూసే క్రమం కూడా ఇంతే జాగ్రత్త కోరుతుంది, ప్రారంభం గురించి ఆలోచించినంతగా దీని గురించి ఎవరూ ఆలోచించరు. ముందుగా వరుస కొత్త అభ్యర్థనలను తిరస్కరించాలి. ఆ తరువాత, జవాబు కోసం ఆగి ఉన్న పని థ్రెడ్‌లన్నింటికీ "రద్దయింది" అనే జవాబు ఇచ్చి లేపాలి. ఈ మెట్టును మరచి పని థ్రెడ్‌లు ముగిసేదాకా మెయిన్ థ్రెడ్ ఆగితే, మూసే బొత్తం నొక్కిన తరువాత కిటికీ శాశ్వతంగా వేలాడుతుంది. పని థ్రెడ్‌లు ముగిశాక వరుసలో మిగిలినవాటిని పారేసి, రిజిస్ట్రీలోని గుర్తులను విడిచి, అన్నిటికంటే చివర స్క్రిప్ట్ భాషను మూయాలి.

అభ్యాసానికి

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం నుంచి సుమారు నూరు నుంచి రెండు వందల కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్లదలచిన విద్యార్థి ఇంటర్వ్యూలో డెడ్‌లాక్ నిర్వచనం చెప్పగలగడం మామూలే. తాను స్వయంగా ఒక డెడ్‌లాక్‌ను సృష్టించి, విప్పి చూపగలగడం అరుదు. లువా మూలం సుమారు ముప్పై వేల పంక్తుల సీ మాత్రమే, మామూలు ల్యాప్‌టాప్ మీద క్షణాల్లో కంపైల్ అవుతుంది. దాన్ని పొదిగిన ఒక చిన్న కిటికీ ప్రోగ్రామ్ రాసి, ముందు పని థ్రెడ్ నుంచే కాల్‌బ్యాక్‌ను పిలిచి, అది ఎలా కూలుతుందో చూడటంతో అభ్యాసం మొదలుకావాలి. సీ, సీ++ కంపైలర్లలోని థ్రెడ్ శానిటైజర్ అనే సాధనాన్ని ఆ ప్రోగ్రామ్‌కు జోడిస్తే, రెండు థ్రెడ్‌లు ఒకే స్థలాన్ని తాళం లేకుండా తాకిన పంక్తులను అది పేర్లతో సహా చూపుతుంది.

ఆ తరువాత వరుసను కట్టి, స్క్రిప్ట్‌కు అందే ప్రతి హోస్ట్ ఫంక్షన్ మొదటి పంక్తిలో "ఇది మెయిన్ థ్రెడ్డేనా" అనే తనిఖీని ఉంచి, కాకపోతే అక్కడికక్కడే ప్రోగ్రామ్ ఆగిపోయేలా చేయాలి. వారానికి ఒకసారి ఎక్కడో కూలే ప్రోగ్రామ్‌కంటే మొదటి రోజే, తప్పు జరిగిన చోటే కూలే ప్రోగ్రామ్ మేలు. ప్రతి అభ్యర్థనతోపాటు దాన్ని ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు నడిచింది, ఎంతసేపు నడిచింది అనే నాలుగు విషయాలను నమోదు చేస్తే, పెట్టిన సమయానికీ నడిచిన సమయానికీ మధ్య అంతరం రోజురోజుకూ పెరుగుతోందా లేదా అన్నది ఆ నమోదులోనే కనిపిస్తుంది, ఆ అంతరం పెరుగుతున్నప్పుడు ముందుగా అనుమానించవలసింది నిదానంగా నడిచే కాల్‌బ్యాక్‌ను కాదు, కలిపేయదగిన కొలతలను కలపకుండా వరుసలో నింపుతున్న పని థ్రెడ్‌ను.